పద్యం చివర రాగం తీసేసరికి గొంతు బిగిసిపోతోంది: శ్రుతి దించాలా, సాధన మార్చాలా?

గోదారి గట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారమండి. కోనసీమలో తీర్థాలకీ జాతరలకీ పౌరాణిక నాటకాలు ఆడే సమాజం మాది. మగ గొంతు, వయసు 36. హార్మోనియం నాలుగు శ్రుతిలో వాయిస్తారు. మొదటి రెండు పద్యాలు సాఫీగానే వెళ్తాయి. మూడో పద్యం నుంచి చివర రాగం తీసేటప్పుడు తార షడ్జం (పై స) దగ్గర మెడ నరాలు ఉబ్బుతున్నాయి, గడ్డం పైకి లేస్తోంది, గొంతు సన్నబడి కీచుగా వస్తోంది. అక్కడ 'ఈ', 'ఊ' పడితే మరీ ఇబ్బంది. 'ఆ' అయితే కొంత నయం. నొప్పి లేదు. కానీ మర్నాడు మధ్యాహ్నం దాకా జీర ఉంటుంది. సిగరెట్, గుట్కా అలవాట్లు లేవు.

శ్రుతి దించితే పద్యానికి రక్తి పోతుందని మా సమాజంలో పెద్దవాళ్ళ మాట. అది నిజమేనా? లోపం శ్రుతిలోనా, పాడే తీరులోనా? సీసపద్యంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? స్ట్రాతో చేసే సాధన మంచిదంటున్నారు, ఎలా చెయ్యాలి? భీష్మ ఏకాదశి తీర్థాలకి ఇంకా పది వారాలుంది. ఈలోగా ఏం చెయ్యగలనో చెప్పండి.

పెట్టె మెట్లు (పాలకొల్లు):

ముందు లెక్క చూద్దామండి. నాలుగు శ్రుతి అంటే హార్మోనియం పెట్టె మీద నాలుగో తెల్ల మెట్టు షడ్జం. మగ గొంతుకి మధ్య షడ్జం సుమారు 175 హెర్ట్జ్, తార షడ్జం 349 హెర్ట్జ్. అంటే మీరు తార షడ్జం పట్టుకుని నిలబడినంతసేపూ స్వరతంత్రులు సెకనుకి 349 సార్లు ఒకదాన్నొకటి తాకి విడిపోతున్నాయి. మోహనలో రాగం తీస్తూ తార గాంధారం ముట్టుకున్నారంటే అది దాదాపు 440. మగ గొంతు స్వభావం మారే మలుపు మామూలుగా 290కీ 370కీ మధ్య ఉంటుంది. మీ తార షడ్జం సరిగ్గా ఆ మలుపు మీద కూర్చుంది. పద్యం ఎత్తుగడ మధ్య స్థాయిలో ఉంటుంది కాబట్టి బాగుంటోంది. రాగం మలుపులో తిరుగుతుంది కాబట్టి బిగుస్తోంది.

అదే రెండు శ్రుతిలో అయితే తార షడ్జం 294, తార గాంధారం 370. మలుపులోకి అడుగు పెట్టడం, బయటికి రావడం మీ చేతిలో ఉంటాయి.

మీ శ్రుతి ఎంతో పెట్టె దగ్గరే తేల్చుకోవచ్చు. నిద్ర లేచిన వెంటనే వద్దు, గంటో రెండు గంటలో మాట్లాడాక కూర్చోండి. మెట్టు మెట్టుగా పైకి వెళ్తూ ఒక్కో మెట్టు మీద 'ఆ' అని ఐదు సెకన్లు నిలపండి. పక్క గదిలో పిల్లలు నిద్రపోతున్నప్పుడు పాడినంత మెల్లగా పాడాలి. గట్టిగా పాడితే ఈ పరీక్షకి అర్థం లేదు. గొంతు వణక్కుండా, గాలి వృథా కాకుండా మెల్లగా నిలిచే ఆఖరి మెట్టే మీ సొంతమైన పై హద్దు. గట్టిగా అరిస్తేనే అందుతోందంటే అది ఇంకా మీది కాదు. మీరు పాడే పద్యాల్లో రాగం ఎంతవరకు వెళ్తుందో చూసుకుని ఆ హద్దుని అక్కడ పెట్టండి. హద్దు పై స్థాయిలో నాలుగున్నర మెట్టు (నాలుగో, ఐదో తెల్ల మెట్ల మధ్య నల్లది) అయ్యి, రాగం తార గాంధారం దాకా వెళ్తుందనుకుందాం. అక్కణ్ణించి నాలుగు మెట్లు, తెల్లవీ నల్లవీ కలిపి, కిందికి లెక్కపెడితే రెండు. అదే మీ శ్రుతి.

పెద్దవాళ్ళ మాట తీసిపారేసేది కాదు. మైకు లేని రోజుల్లో ఆఖరి వరసలో చాప పరుచుకున్న వాడికి కూడా పద్యం వినపడాలంటే ఎత్తు శ్రుతే దారి. సన్నగా, పదునుగా ఉన్న శబ్దం దూరం పోతుంది. ఇప్పుడు ఆ పని మైకు చేస్తుంది. రక్తి గమకంలోనూ మాట స్పష్టతలోనూ ఉంది. మన శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ గారి పాట వినండి, గొంతు ఎక్కడా నొక్కినట్టుండదు, ప్రతి అక్షరమూ వినపడుతుంది.

అయితే ఒక్కసారిగా నాలుగు నుంచి రెండుకి దించకండి. చెవి ఒప్పుకోదు, ఎదుటి పాత్ర కంగారు పడతాడు. వారానికో అర శ్రుతి చొప్పున మూడున్నర లేదు (అక్కడ నల్ల మెట్టు ఉండదు) కాబట్టి మూడు, రెండున్నర, రెండు అని రండి. వాదోపవాదాల పద్యాల్లో ఎదుటి ఆయనది నాలుగే అయితే హార్మోనియం ఆయన మధ్యలో శ్రుతి మార్చక తప్పదు. పద్యానికి ముందు మాటల్లోనే కొత్త షడ్జ పంచమాలు రెండుసార్లు అందించమని అడగండి. స్కేల్ ఛేంజర్ పెట్టె ఉంటే వేళ్ళ అలవాటు మారకుండానే ఆ పని అయిపోతుంది.

గాత్ర సాధన (అమలాపురం):

పైవారు చెప్పింది ముమ్మాటికీ నిజం. కానీ శ్రుతి ఒక్కటే దించితే బిగువు ఒక మెట్టు కిందికి దిగుతుంది తప్ప పోదు. మీరు రాసిన గుర్తులు, అంటే గడ్డం లేవడం, నరాలు ఉబ్బడం, 'ఈ' దగ్గర కీచు, ఇవన్నీ ఒక అలవాటునే చూపిస్తున్నాయి. స్వరం ఎత్తుకి వెళ్ళాలంటే గట్టిగా తొయ్యాలని శరీరం అనుకుంటోంది. ఎత్తు వేరు, గట్టి వేరు. ఎత్తు పెరగాలంటే స్వరతంత్రులు సాగి పలచబడాలి. గట్టిదనం పెరగాలంటే కింది నుంచి గాలి ఒత్తిడి పెరగాలి. ఒత్తిడి పెంచేస్తే దాన్ని ఆపడానికి స్వరతంత్రులు మరింత బిగుసుకుంటాయి, చుట్టూ ఉన్న గుటక కండరాలు సాయానికొస్తాయి. గొంతుని పట్టేసేది అవే.

బిగువు ఎక్కడుందో వేళ్ళతో పట్టుకోవచ్చు. గడ్డం కింద, ఎముక వెనకాల మెత్తటి చోట బొటనవేలు పెట్టి గుటక వెయ్యండి. గట్టిపడుతుంది కదా. ఇప్పుడు వేలు తియ్యకుండా మధ్య షడ్జం నుంచి తార షడ్జం దాకా 'ఆ' మీద వెళ్ళండి. ఆ చోటు గట్టిపడిందంటే నాలుక మొదలు వెనక్కి లాక్కుని గొంతుని నొక్కుతోందన్నమాట. నాలుక కొనని కింది పళ్ళ వెనక ఆనించి పాడడం అలవాటు చేసుకోవాలి. తర్వాత చూపుడువేలు గొంతుముడి మీద మెల్లగా ఆనించండి. పైకి వెళ్ళేకొద్దీ అది కాస్త లేస్తే పరవాలేదు. గుటక వేసినప్పటిలా ఎగిరితే మాత్రం తప్పు. అలాగని చేత్తో గానీ నాలుకతో గానీ కిందికి నొక్కిపెట్టకండి, అది ఇంకో రకం బిగువు. ఆవులింత మొదలయ్యే క్షణంలో గొంతు ఎలా తెరుచుకుంటుందో అంత చాలు.

ఊపిరి సంగతి. పద్యం మొదట్లో భుజాలు లేచేలా ఛాతీ నిండా గాలి పీల్చడం మన నాటకాల్లో చాలామంది చేసే పొరపాటు. గాలి మరీ ఎక్కువైతే అది బయటికి తోసుకొస్తుంది, దాన్ని ఆపే పని మళ్ళీ గొంతు మీదే పడుతుంది. ముప్పాతిక నిండితే చాలు. అరచేతులు డొక్కల మీద, బొటనవేళ్ళు వెనక్కి పెట్టి ముక్కుతో నింపాదిగా పీల్చండి. డొక్కలు పక్కలకీ వెనక్కీ వెడల్పవ్వాలి, భుజాలు కదలకూడదు. ఇప్పుడు 'స్స్' అంటూ సన్నగా వదలండి. వదిలేటప్పుడు డొక్కలు వెంటనే కూలిపోకుండా వెడల్పుగానే ఉంచడానికి ప్రయత్నించండి. మొదటి వారం 15 సెకన్లు, ఆపైన 20, 25. పోటీ పెట్టుకోకండి. చివర్లో కడుపు వణుకుతుంటే అక్కడే ఆపెయ్యాలి. రోజుకి ఆరు సార్లు చాలు.

దవడకి రెండు నిమిషాలు. చెవుల ముందు, పళ్ళు కొరికినప్పుడు ఉబ్బే కండరం మీద మూడు వేళ్ళతో కిందికి రాస్తూ నోరు దానంతటదే జారేలా వదిలెయ్యండి.

ఇక స్ట్రా. బోండాం కొట్టు దగ్గర ఇచ్చే లావు స్ట్రా ఒకటి, జ్యూస్ ప్యాకెట్టు సన్న స్ట్రా ఒకటి తెచ్చుకోండి. లావుదాన్ని గ్లాసు నీళ్ళలో రెండు సెంటీమీటర్లు ముంచి, పెదాలు దాని చుట్టూ గాలి పోకుండా మూసి, 'ఊ' అన్నట్టు నాదం చెయ్యండి. బుడగలు ఒకే తీరున రావాలి. అలా రెండు నిమిషాలు ఒకే స్వరం మీద. తర్వాత మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకా జారుతూ ఎక్కండి, దిగండి. ఆ తర్వాత తార షడ్జం దాకా. చివరగా మీ పద్యం బాణీ మొత్తం మాటలు లేకుండా స్ట్రాలోనే పాడండి. సన్న స్ట్రాకి నీళ్ళు అక్కర్లేదు, గాల్లోనే చాలినంత అడ్డు ఇస్తుంది. ఇది ఎందుకు పనిచేస్తుందంటే, నోటి దగ్గర దారి ఇరుకైనప్పుడు గాలి ఒత్తిడి కొంత వెనక్కి మళ్ళి స్వరతంత్రుల పైభాగాన నిలుస్తుంది. ఆ మెత్త వల్ల అవి గట్టిగా గుద్దుకోకుండానే చక్కగా మోగుతాయి. మీరు గొంతుతో తోస్తే బుడగలు ఎగిసిపడి మీ తప్పు మీకే చూపిస్తాయి. స్ట్రాకి ఓ గురువు లక్షణం ఉందనుకోండి.

స్ట్రా లేని చోట పెదాల్ని బుర్రుమని ఆడిస్తూ అదే ఎక్కుడు దిగుడు చెయ్యొచ్చు. పెదాలు ఆగిపోతుంటే నోటి మూలల పక్కన బుగ్గల్ని రెండు వేళ్ళతో కొద్దిగా పైకి ఎత్తిపట్టండి.

'ఈ', 'ఊ' గురించి మీరు గమనించింది చాలా విలువైన సంగతి. 'ఈ' అన్నప్పుడు నోటి గది ప్రతిధ్వనించే మొదటి స్థానం సుమారు 300 హెర్ట్జ్. 'ఊ'కీ దగ్గరదగ్గర అంతే. 'ఆ'కి 700 పైన. మీ తార షడ్జం 349 అన్నారు కదా. అంటే స్వరం గది కప్పు దాటి పైకి పోయింది, గది సాయం ఆగిపోయింది. ఆ లోటు పూడ్చడానికి మీరు గొంతుతో తోస్తున్నారు. మందు తేలిక. పైకి వెళ్ళేకొద్దీ దవడ ఇంకో వేలు మందం దించండి. 'ఈ'ని మనసులో 'ఈ' అనే అనుకుంటూ నోటిని 'ఎ' వైపు, 'ఊ'ని 'ఒ' వైపు తెరవండి. వినేవాళ్ళకి 'ఈ' లాగే వినపడుతుంది. మధ్య స్థాయిలో మాత్రం ఇది చెయ్యకండి, మాట చెడుతుంది.

అచ్చుతో మొదలయ్యే పద్యాలకి ఇంకో జాగ్రత్త. 'ఆ' అని ఢీకొట్టినట్టు ఎత్తుకుంటే స్వరతంత్రులు ముందే మూసుకుని పగిలినట్టు తెరుచుకుంటాయి. వినపడీ వినపడని 'హ' ఒకటి ముందు వదిలి దాని మీద అచ్చు పెట్టండి. పదిరోజుల్లో 'హ' దానంతటదే మాయమవుతుంది, మెత్తదనం ఉండిపోతుంది.

గోదారి గట్టు:

ఆయ్, చాలా సంతోషమండి. గడ్డం కింద బొటనవేలు పెట్టి చూస్తే తార రిషభం దగ్గర రాయిలా ఉంది. స్ట్రాలో మాత్రం పైకి వెళ్ళినా మెత్తగానే ఉంటోంది. కానీ స్ట్రా తీసి మాటలతో పాడగానే మళ్ళీ మొదటికొస్తోంది. ఇంకోటి, స్ట్రాలో పాడుతూ ముక్కు మూస్తే శబ్దం ఆగినట్టవుతోంది. ఇది తప్పా?

గాత్ర సాధన (అమలాపురం):

తప్పేనండి. గాలి ముక్కులోంచి పోతోంది. కొండనాలుక వైపు మెత్తటి అంగిలి కిందికి వాలి ఉంది. 'బ' అనబోయి పెదాలు మూసి ఆపితే బుగ్గలు ఎలా నిండుతాయో అలా మొదలుపెట్టి స్ట్రాలోకి వెళ్ళండి. ముక్కు మూసినా తెరిచినా శబ్దం ఒకేలా ఉన్నప్పుడే స్ట్రా ఫలితం పూర్తిగా అందుతుంది.

స్ట్రాకీ మాటకీ మధ్య మెట్లు వెయ్యాలి, ఒక్క గెంతులో రాదు. పాదం మొత్తం స్ట్రాలో. వెంటనే అదే పాదం 'మ్' మీద. తర్వాత ప్రతి అక్షరాన్నీ 'మ' గుణింతంలోకి మార్చి, అంటే 'కా' ఉన్నచోట 'మా', 'రీ' ఉన్నచోట 'మీ' అంటూ. ఆ తర్వాతే అసలు మాటలు, సగం గొంతుతో. బిగువు ఏ మెట్టు దగ్గర తిరిగొస్తే దానికి ముందు మెట్టు దగ్గరే ఆ రోజు ఆగిపోండి. 'క', 'గ' ఉన్న జాగాల్లో నాలుక వెనక్కి లాక్కుంటుంది, అక్కడ ఎక్కువ కాలం పడుతుంది. పూర్తి గొంతు ఆరో వారం దాకా ముట్టుకోకండి.

ఛందస్సు చాప (రాజోలు తాలూకా):

ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నదానికి నేను చెప్తాను. యతి స్థానం దగ్గర ఆగాలని కొందరు నేర్పుతారు. సంస్కృత శ్లోకానికి అది సరే. తెలుగులో యతి అంటే అక్షర మైత్రి, విరామం కాదు. శార్దూలంలో 13వ అక్షరం, మత్తేభంలో 14, ఉత్పలమాలలో 10, చంపకమాలలో 11. ఇవి చాలాసార్లు సమాసం నడిబొడ్డున పడతాయి. అక్కడ ఊపిరి తీస్తే మాట విరుగుతుంది, మధ్యలో తీసినది కాబట్టి హడావిడిగా తీస్తారు, ఆ హడావిడిలో భుజాలు లేస్తాయి. పాదాంతమూ అంతే. ఒక పాదం చివర మొదలైన సమాసం రెండో పాదంలోకి పోతుంటే పాదాంతంలో ఆగకూడదు.

పెన్సిలు పట్టుకుని పద్యం రాసుకోండి. అర్థం తెగిన ప్రతిచోటా ఒక గీత. అక్కడ పూర్తి ఊపిరి. అర్థం తెగకపోయినా పదం పూర్తయి, తర్వాతి పదంతో సంధి కలవని చోట ఒక చుక్క. అక్కడ అవసరమైతేనే చిన్న ఊపిరి, నోటితో, చప్పుడు లేకుండా. చప్పుడు వచ్చిందంటే గొంతు దారి ఇరుకైందని గుర్తు. చుక్కలన్నీ వాడెయ్యకండి. గాలి ఇంకా ఉండగానే పైన గాలి నింపుతూ పోతే ఛాతీ బిగిసిపోయి నాలుగో పాదానికి ఉక్కిరిబిక్కిరి అవుతారు. ఇది గాలి చాలక వచ్చే ఇబ్బందిలానే అనిపిస్తుంది కానీ నిజానికి గాలి ఎక్కువై వచ్చేది. అప్పుడు ముందు ఉన్నది వదిలి ఆపైన తీసుకోవాలి.

సీసం మనకి చాలా అనుకూలమైన పద్యం. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాలుగేసి గణాల చొప్పున పాదం రెండు ముక్కలుగా విరుగుతుంది, మాట కూడా చాలావరకు అక్కడే విరుగుతుంది. అలా ఎనిమిది ముక్కలు, ఎనిమిది ఊపిరులు. చిక్కంతా కింద వచ్చే తేటగీతి దగ్గర. సీసం ఊపులో దాన్ని ఒకే ఊపిరిలో లాగేసి, ఖాళీ డొక్కలతో చివరి రాగానికి వెళ్తారు. తేటగీతి ఆఖరి పాదానికి ముందు తప్పకుండా గీత పెట్టండి. రాగం మొదలుపెట్టే ముందు హార్మోనియం ఒక పట్టు అందుకునేలా మాట్లాడుకుంటే రెండు సెకన్లు దొరుకుతాయి. డొక్కలు నిండడానికి అది బోలెడు.

'వన్స్‌మోర్' వచ్చినప్పుడు రాగం మొదటిసారి పాడినంత పొడుగు అక్కర్లేదు. రెండోసారి మధ్య పంచమం చుట్టూ తిరిగి ఒక్కసారి తార షడ్జం చూపించి దిగిపోండి. జనం పద్యం మళ్ళీ అడిగారు, తార షడ్జం ఎంతసేపు నిలిపారో ఎవరూ లెక్కపెట్టరు.

క్వయిర్ మెట్లు (నరసాపురం):

ఆడవాళ్ళు కూడా చదువుతుంటారు కాబట్టి ఒక మాట కలుపుతున్నాను. నాటకాల్లో స్త్రీ పాత్రలకీ, చర్చి క్వయిర్లో పై వరస పాడేవారికీ, భజన బృందాల్లో ఎత్తుకునేవారికీ ఇదే చిక్కు వేరే చోట వస్తుంది. ఐదున్నర శ్రుతిలో మధ్య షడ్జం 208, పంచమం 311, తార షడ్జం 415 హెర్ట్జ్. ఆడ గొంతులో ఛాతీ నాదం (మాట్లాడే బరువైన గొంతు) నుంచి తల నాదానికి (పలచటి పై గొంతుకి) మారే చోటు 300 దాటాక మొదలవుతుంది, అంటే పంచమం దాటి ధైవత నిషాదాల దగ్గర. ఛాతీ నాదాన్నే బలవంతంగా తార షడ్జం దాకా లాక్కెళ్తే ఒక చోట పుటుక్కున విరిగి పలచటి గొంతు వస్తుంది. దాన్ని దొంగగొంతు అని వెక్కిరించడం వల్ల చాలామంది ఆడపిల్లలు దాన్ని వాడడమే మానేసి గొంతు పాడుచేసుకుంటున్నారు. అది దొంగది కాదు, ఇంకా బలపడని గొంతు.

బలపరిచే పద్ధతి పై నుంచి కిందికి. తార షడ్జం మీద మెల్లగా 'ఊ' అని మొదలుపెట్టి స, ని, ద, ప అని దిగండి. పలచదనం అలాగే కిందికి తెచ్చుకోండి, పంచమం దగ్గర గట్టిపడనివ్వకండి. కింది నుంచి ఎక్కితే పాత అలవాటే వస్తుంది, పై నుంచి దిగితే రెండు నాదాలు కలిసే చోటు తెలుస్తుంది. సంగీతం మొదటి పాఠాల రాగం మాయామాళవగౌళ అవరోహణే దీనికి వాడుకోవచ్చు, విడిగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. మొదటి కాలంలోనే, రోజుకి పది సార్లు. మొదటి మూడు వారాలు గాలి కలిసిన గొంతే వస్తుంది, కంగారు పడకండి.

మగవాళ్ళకి కూడా ఇదే పని చేస్తుంది, వాళ్ళ మలుపు దగ్గర.

స్పీచ్ థెరపీ (కాకినాడ):

మర్నాడు మధ్యాహ్నం దాకా జీర అన్నారు, దాని మీద అందరూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. పాడాక జీర వచ్చి ఒక రాత్రిలో పోతే అలసట. మధ్యాహ్నం దాకా ఉంటే స్వరతంత్రులకి వాపు వచ్చిందని. వాపు మీద మళ్ళీ పాడుతూ పోతే రెండు తంత్రుల మధ్య, ఎక్కువ గుద్దుకునే చోట చిన్న కాయలు కడతాయి. కాబట్టి సాధనలో ఒక హద్దు పెట్టుకోండి. రోజూ పొద్దున్న పై స్థాయిలో అతి మెల్లగా ఒక చిన్న పాట పల్లవి పాడి చూడండి. నిన్న పలికిన స్వరం ఇవాళ మెల్లగా పలక్కపోతే, లేదా మొదట గాలి వచ్చి తర్వాత నాదం వస్తుంటే, ఆ రోజు సాధన స్ట్రా వరకే.

తాగిన నీళ్ళు స్వరతంత్రుల్ని తాకవు. అవి అన్నవాహిక దారిన పోతాయి, ఒంట్లో కలిసి కొన్ని గంటలకి గానీ తంత్రులకి తడి అందదు. కాబట్టి నాటకం రాత్రికి అయితే పొద్దుటి నుంచే తాగాలి. తెర వెనక గడగడా తాగే చెంబుడు నీళ్ళు నోటికి మాత్రమే. నేరుగా తడి తగిలేది ఆవిరి. ఉత్త వేడినీళ్ళ ఆవిరి, ఐదు నుంచి పది నిమిషాలు, పాడడానికి గంట ముందు, పాడాక ఇంకోసారి. మెంథాల్, కర్పూరం లాంటివి కలపొద్దు. పటికబెల్లం, తేనె గొంతుకి హాయినిస్తాయి, అభ్యంతరం లేదు. మిరియాలు, శొంఠి ఘాటు వల్ల గొంతు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది గానీ వాపు తగ్గదు. కొందరికి మంట పెరుగుతుంది కూడా. నాటకం రోజు మిరియాలు మానెయ్యండి.

మన సమాజాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది నాటకం అయ్యాక తెల్లవారుజామున తినే కారం కారం మాంసం భోజనం, వెంటనే నిద్ర. పడుకోగానే కడుపులో పులుపు పైకొచ్చి స్వరతంత్రుల వెనక భాగాన్ని కాలుస్తుంది. పొద్దున్నే నోరు చేదుగా ఉండడం, మాటిమాటికీ 'ఖ్హ్' అని గొంతు సవరించుకోవడం దాని గుర్తులు. ఎక్కువ భోజనం నాటకానికి మూడు గంటల ముందే తినేసి, అయ్యాక తేలిగ్గా రెండు ఇడ్లీలో పెరుగన్నమో చాలించండి. గొంతు సవరించుకోవాలనిపిస్తే గుక్కెడు నీళ్ళు తాగి గుటక వెయ్యండి. సవరింపు అంటే తంత్రుల్ని ఒకదానికేసి ఒకటి రాయడమే.

జీర ఉన్నప్పుడు గుసగుసగా మాట్లాడడం విశ్రాంతి కాదు. చాలామందికి గుసగుసలోనే గొంతు ఎక్కువ బిగుస్తుంది. మాట్లాడితే మామూలు గొంతుతో తక్కువ మాట్లాడండి, లేదా మానెయ్యండి. రంగు వేసేటప్పుడు పౌడరు దులిపే పది నిమిషాలు, జనరేటరు పొగ, దోమల చుట్ట, బాణసంచా, వీటికి దూరంగా కూర్చోండి. డెల్టా గాలిలో తేమ మన గొంతులకి వరం, దాన్ని పొగతో పాడుచేసుకోవద్దు.

పాడే ముందు నొప్పి మాత్రలు వేసుకోకండి. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. పైగా ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ లాంటివి రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి, తంత్రుల్లో సన్న రక్తనాళం చిట్లే ప్రమాదం పెరుగుతుంది. డాక్టరు గుండె కోసం రాసిన ఆస్పిరిన్ అయితే మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, ఆయన్నే అడగండి. పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి గొంతు మాయమైతే అక్కడితో పద్యం ఆపెయ్యాలి, ఆ క్షణం నుంచి పూర్తి మౌనం, మర్నాడే ఈఎన్‌టీ డాక్టరు. జీర మూడు వారాలు దాటినా, మింగేటప్పుడు నొప్పి ఉన్నా, మెడలో గడ్డ తగిలినా ఆగకండి. డాక్టరు గొంతులోకి గొట్టం కెమెరాతో చూడకుండా 'స్టేజీ గట్టెక్కడానికి' స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు.

మైకుల బండి (భీమవరం):

గొంతుది సగం తప్పు, మైకుది సగం తప్పు. చుట్టూ రొద పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు, ఆపుకోవాలన్నా ఆగదు. తీర్థాల్లో పక్కన డప్పులు, రాట్నాలు, ఇంకో స్టేజీ ఉంటాయి. కాబట్టి మీ గొంతు మీకు వినపడేలా చేసుకోవడమే అసలు పని. మీ ముందు నేల మీద ఒక మానిటర్ బాక్సు అడగండి. అది మైకు వెనక వైపు నుంచి మీ మొహానికేసి చూస్తూ ఉండాలి. అందులో మీ గొంతు ఎక్కువ, శ్రుతి కొంచెం, తబలా అసలు వద్దు. చాలా చోట్ల మానిటర్లో హార్మోనియం నిండుగా పెట్టేస్తారు, నటుడు దాని మీదికి అరుస్తాడు.

స్టాండు మైకుకి నోరు నాలుగు వేళ్ళ నుంచి జానెడు లోపు. రాగం పైకి వెళ్ళినప్పుడు ఒక అర అడుగు వెనక్కి జరగండి, గొంతు తగ్గించక్కర్లేదు, పెంచక్కర్లేదు. చేతి మైకు అయితే జాలీ మీద చెయ్యి వెయ్యకండి, కూత వస్తుంది, ఆపరేటరు మొత్తం శబ్దం దించేస్తాడు, మళ్ళీ మీరే అరవాలి. దూరంగా చెట్లకి కట్టిన బూరల శబ్దం వింటూ పాడకండి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది కాబట్టి 34 మీటర్ల దూరంలో ఉన్న బూర మీ గొంతుని సెకనులో పదో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. దాన్ని అందుకోబోతే కాలం జారుతుంది, గొంతు తన్నుకుంటుంది. మానిటర్ లేని ఊళ్ళో ఒక చెవిని మెల్లగా వేలితో మూసుకుంటే లోపలి నాదం వినపడుతుంది. పాత్రకి నప్పేలా చెయ్యి చెవి దగ్గరికి తీసుకెళ్ళడం మీకు తెలియంది కాదు.

గోదారి గట్టు:

అందరికీ దణ్ణాలండి. మూడు శ్రుతితో మొదలుపెట్టాను, స్ట్రా నడుస్తోంది, పద్యాలన్నిటికీ గీతలు, చుక్కలు పెట్టుకున్నాను. ఒక్కటే అర్థం కావట్లేదు. ఇంట్లో పంచె మీద పాడితే డొక్కలు చక్కగా విచ్చుకుంటున్నాయి. నిన్న వేషం కట్టుకుని రిహార్సల్ చేస్తే మళ్ళీ ఊపిరి ఛాతీలోకే పోతోంది.

గాత్ర సాధన (అమలాపురం):

నడికట్టు ఎక్కడ కడుతున్నారో చూసుకోండి. కింది పక్కటెముకల మీద పడితే డొక్కలకి చోటుండదు. నాలుగు వేళ్ళు కిందికి, తుంటి ఎముకల మీదికి దించమనండి. కట్టేటప్పుడు ఊపిరి పూర్తిగా తీసి నిలిపి ఉండండి, వదిలినప్పుడు కడితే తర్వాత పీల్చలేరు. కట్టాక రెండు వేళ్ళు లోపలికి దూరాలి. భుజకీర్తుల బరువు మెడ మీద కాకుండా భుజం అంచు మీద పడాలి. కిరీటం తాడు గడ్డం కింద కడుతుంటే మానేసి, తల వెనక ముడి వేయించండి. గడ్డం కింద తాడు ఉన్నంతకాలం దవడ జారదు, మీరు పట్టుకున్న ఆ రాయి మెత్తబడదు. వచ్చే వారం నుంచి రిహార్సల్ అంతా నడికట్టు, కిరీటంతోనే చెయ్యండి, మిగతా వేషం లేకపోయినా పరవాలేదు.